పెద్దక్క తల మీద ఒట్టు

ఆ ఒట్టు ఆలోచన నాదే. ఈ మాట ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం కొంచెం తేలిక. మా సంఘంలో నలభై మంది ఆడవాళ్లతో ఒట్టు వేయించాను. అది బాగా పనిచేస్తోందని ఏడాది పాటు మురిసిపోయాను. చివరికి ఆ ఒట్టు వల్లే ఒక మనిషి ప్రాణం పోయేదాకా వచ్చింది. ఇరవై ఆరేళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, తప్పు చేసిన పిల్లల్ని బెంచీ ఎక్కించినదాన్ని. నేను బెంచీ ఎక్కడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

సంఘం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. కరీంనగర్‌లో ఒక ఇరుకు సందులో, కిరాణా దుకాణం పైన, అద్దెకు తీసుకున్న ఒక్క గది. రెండు చాపలు, రెండు కుర్చీలు, తిరిగినంతసేపూ గొణిగే ఒక ఫ్యాను. నడిపేది ముగ్గురం. మొదటి మనిషి పెద్దక్క. ధర్మపురి వైపు పల్లెలో పుట్టి, ఈ ఊరి కోడలై, చిన్నప్పటి నుంచీ బీడీలు చుట్టి బతికిన మనిషి. రెండో మనిషి సిస్టరమ్మ. సర్కారు దవాఖానాల్లో నర్సుగా చేసి రిటైరైంది. ఆదివారం మెథడిస్టు చర్చిలో ముందు వరుసలో కూర్చుంటుంది, తక్కిన ఆరు రోజులూ మా మీద పెత్తనం చేస్తుంది. మూడోదాన్ని నేను. పొలాలున్న ఇంట్లో పుట్టి, బీడీ అంటే మా పాలేర్లు తాగేదని తప్ప ఇంకేమీ తెలియకుండా పెరిగాను. అర్జీలు రాయడం, ఆఫీసుల్లో గొంతు పెంచడం నా పని. గొంతు పెంచడంలో నాకు మంచి పేరే ఉంది.

పెద్దక్కకు ఇరవై మూడేళ్లప్పుడు కడుపునొప్పి వస్తే, ఊళ్లో సూదులు వేసే డాక్టరు తనకు తెలిసిన నర్సింగ్ హోంకు పంపాడు. గర్భసంచి కరాబైంది, తీయకపోతే క్యాన్సర్ వస్తుందన్నారు అక్కడ. ఇద్దరు పిల్లలున్నారు కదా, ఇంక దానితో పనేముంది అని కూడా అన్నారు. తీసేశారు. ముప్పై దాటకముందే ఒంట్లో ఆవిర్లు, నడుం నొప్పి, కీళ్ల నొప్పులు. రోజుకు వెయ్యి బీడీలు చుట్టిన చేతులు అందులో సగానికే అలిసిపోయేవి. ఆ నొప్పికి మందులు సరిపోయేవని, కోయాల్సిన పనే లేదని చాలా ఏళ్ల తర్వాత సిస్టరమ్మ ఆమెకు చెప్పింది.

"ఆ దినం నేను ఏడ్వలే టీచరమ్మా. కోపమొచ్చింది. గా కోపం ఇంక దిగలే" అంటుంది పెద్దక్క. మా సంఘం పుట్టింది ఆ కోపంలోంచే. ఇంకో ఆడపిల్లకు ఇలా జరగకూడదన్నదే ఆమె పట్టుదల.

మా మీటింగులకు ఒక పద్ధతి ఉంది. అది పెద్దక్క పెట్టిందే. బీడీలు చుట్టేవాళ్లను ఊరికే వచ్చి కూర్చోమంటే రారు. రెండు గంటలు చేతులాగితే ఆ రోజు పని ఆగినట్టే. అందుకని అందరూ చేటలు ఒళ్లో పెట్టుకునే కూర్చుంటారు. చేటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. మాట్లాడుతూనే చుడుతుంటారు. కానీ ఎవరైనా తన కష్టం చెప్పుకోవడం మొదలుపెడితే ఆమె చేతులు ఆగిపోతాయి. అప్పుడు పక్కనున్న మనిషి ఆమె చేటను తన ఒళ్లోకి లాక్కుంటుంది.

"నువ్వు చెప్పు, నీ వంతు నేను చుడుత."

చెప్పడం పూర్తయ్యేసరికి చేటలో బీడీలు తయారై ఉంటాయి. ఈ మర్యాద నేను చదువుకున్నవాళ్ల మీటింగుల్లో ఎక్కడా చూడలేదు. నాకూ చుట్టడం నేర్పబోయారు. నా బీడీ చూసి పెద్దక్క, "టీచరమ్మా, ఇది తాగేటందుకా, చెవుల పెట్టుకునేటందుకా?" అంది. గది గదంతా నవ్వింది. ఆ తర్వాత నేను చేట ముట్టలేదు.

అందరికంటే ముందు ఎదుటివాళ్ల చేట అందుకునే మనిషి ఒకామె ఉండేది. నలభై దాటింది. సన్నటి మనిషి, మాట తక్కువ. పెద్దక్కకు దూరపు వరుసలో చెల్లెలు కూడా అవుతుంది, అందుకే మేమంతా ఆమెను చెల్లె అనే పిలిచేవాళ్లం. పెద్దక్క ఎక్కడ కూర్చుంటే చెల్లె ఆ పక్కనే. నేను చెప్పబోయేది ఈ చెల్లె సంగతే.

మొదట్లో మేము ఆడవాళ్లకు నేర్పింది నాలుగు ప్రశ్నలు. అవి సిస్టరమ్మ తయారు చేసింది. ఈ ఆపరేషన్ ఎందుకు? చేయించుకోకపోతే ఏమవుతుంది? మందులతో నయం కాదా? ఇంకో డాక్టరుకు చూపించుకోవచ్చా? డాక్టరు ముందు కూర్చుని ఈ నాలుగూ అడగండి, జవాబు విని మీరే తేల్చుకోండి, అని చెప్పేవాళ్లం. మంచి ప్రశ్నలే. కానీ మన ఆడవాళ్లు డాక్టరు ముందు నోరు తెరవడం అంత సులభమా? తెల్లకోటు చూడగానే నాలుగింట్లో మూడు మరిచిపోయేవారు. నాలుగోది అడిగితే డాక్టరు కసురుకునేవాడు. ఒక్క వానాకాలంలోనే మా సంఘంలోని ముగ్గురు గర్భసంచి తీయించుకుని వచ్చారు. మూడోది పాతికేళ్ల పిల్ల. ఆ రోజు పెద్దక్క అన్నం ముట్టలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. మరుసటి మీటింగులో లేచి, "ప్రశ్నలు గిశ్నలు చాలు. అందరూ ఒట్టు వేయండి" అన్నాను. ఏ డాక్టరు చెప్పినా సరే, గర్భసంచి తీయించుకోనని. ఎవరి మీద ఒట్టు అని అడిగారు. దేవుళ్ల మీద వేస్తే ఒకరికి కొండగట్టు అంజన్న, ఒకరికి ఏసుప్రభువు, ఒకరికి అల్లా. అందరికీ కలిపి ఒక్కరే ఉన్నారని నేను పెద్దక్క వైపు చూపించాను. ఆమె తల మీద చెయ్యి పెట్టి వేయండి అన్నాను. తల మీద చెయ్యి పెట్టి వేసిన ఒట్టు తప్పితే ఆ తల ఉన్న మనిషికే కీడని మా వైపు ప్రతి పిల్లకూ తెలుసు. నాకూ తెలుసు. తెలిసే అన్నాను. వీళ్లు తమ ఒంటిని లెక్క చేయరు గానీ పెద్దక్కను చేస్తారని నా లెక్క.

సిస్టరమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు. "ఒట్టు పెట్టుకోవద్దని మా బైబిల్ల ఉన్నది టీచర్. అదట్లుంచు. నిజంగనే తియ్యాల్సిన అవసరం పడితె ఏం చేస్తవ్?"

"అవసరమని చెప్పేదెవరు సిస్టరమ్మా? ఆ డాక్టర్లే కదా. ఒక్క సందు ఇచ్చామంటే అందరూ అందులోంచే దూరిపోతారు" అన్నాను నేను.

నా వాదన అప్పట్లో నాకెంత నచ్చిందో చెప్పలేను. పెద్దక్క చాప మీద కూర్చుని తల వంచింది. ఒక్కొక్కరే వచ్చి చెయ్యి పెట్టారు. చెల్లె మాత్రం రెండు చేతులూ పెట్టింది. ఒకటి చాలదా అని ఎవరో ఆటపట్టించారు.

ఒట్టు పనిచేసింది. నెలలు గడిచినా ఒక్కరూ ఆపరేషన్ కోసం దవాఖాన గడప తొక్కలేదు. ఆ తర్వాత ఒకామె ఎవరికీ చెప్పకుండా వెళ్లి చేయించుకుంది. అదే వారం పెద్దక్క స్నానాలగదిలో జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఇంకేముంది, గదంతా గుసగుసలు. సబ్బు నీళ్లలో జారిందని పెద్దక్క మొత్తుకుంది. నేను మాత్రం కట్టు కట్టిన ఆ చేతిని ఎత్తి చూపించి, "చూశారా, మీ ఒట్టు ఎంత పని చేసిందో" అని నవ్వుతూ అన్నాను. నవ్వుతూనే అన్నాను. కానీ వాళ్లు నవ్వలేదు. వాళ్లు భయపడ్డారని నాకు తెలిసింది. భయపడడం మంచిదే అనుకున్నాను.

ఆ రోజు చెల్లె మీటింగులో ఉంది. తర్వాత కొన్నాళ్లకే ఆమె, ఆమె పెనిమిటి ఆదిలాబాద్ వైపు ఇచ్చోడకు వెళ్లిపోయారు. హైవే పక్కన తోడికోడలు వాళ్ల చాయ్ హోటల్ ఖాళీగా ఉంటే నడుపుకుందామని. మొదట్లో ఫోన్లు చేసేది. తర్వాత ఆగిపోయాయి. చాయ్ బేరం బాగుండి తీరికలేక అనుకున్నాం.

మళ్లీ ఆమెను చూసింది ఏడాది దాటాక. ఇచ్చోడ దగ్గర ఒక ఊళ్లో ఆడవాళ్లు తామూ సంఘం పెట్టుకుంటామని పిలిస్తే ముగ్గురం బయలుదేరాం. ఆధార్ చూపిస్తే బస్సులో ఆడవాళ్లకు టికెట్ ఉచితం కాబట్టి పెద్దక్క దారిపొడవునా ఆధార్ కార్డు చేతిలోనే పట్టుకుని కూర్చుంది, ఎవరైనా మళ్లీ అడుగుతారేమోనని. ఇచ్చోడలో దిగగానే "చెల్లె హోటల్ల చాయ్ తాగి పోదాం" అంది. వెతుక్కుంటూ వెళ్లాం.

పొయ్యి దగ్గర ఉన్న మనిషి మమ్మల్ని చూసి కొంగు మొహం మీదికి లాక్కుంది. సిగ్గనుకున్నాను నేను. చాయ్ గిన్నె ఎత్తబోయి మధ్యలో దించేసి, రొప్పుతూ గోడ పట్టుకుంది. సిస్టరమ్మ లేచి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుని గోళ్లు చూసింది. కింది రెప్ప లాగి చూసింది. చెల్లె కొంగు చివర ఒక చిన్న మూట ఉంటే విప్పింది. అందులో పచ్చి బియ్యం.

"ఎన్ని దినాల సంది బుక్కుతున్నవ్ గీ బియ్యం?" అంది సిస్టరమ్మ. రక్తం బాగా తగ్గిన ఆడవాళ్లకు పచ్చి బియ్యం మీదికి, మట్టి మీదికి మనసు పోతుందని ఆమె ఎన్నోసార్లు మాకు చెప్పింది. జవాబు ఆమె పెనిమిటి చెప్పాడు. నెమ్మదైన మనిషి, చేతిలో గ్లాసులు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"ఎనిమిది నెలల సంది రక్తం పోతనే ఉన్నది సిస్టరమ్మా. ఆదిలాబాద్‌ల చూపిచ్చిన. మందులిచ్చిండ్రు, ఆగలే. స్కానింగ్ చేసిండ్రు, గర్భసంచిల పెద్ద పెద్ద గడ్డలున్నయట, తియ్యాలె అన్నరు. ఇంకో దగ్గర గూడ చూపిచ్చిన, గదే మాట. ఈమెనేమో వద్దంటది. ఒట్టేసిన అంటది."

"ఎవ్వల మీద?" అంది పెద్దక్క.

ఆయన ఆమె వైపు చూసి తల దించుకున్నాడు.

సిస్టరమ్మ నా వైపు చూడలేదు. చూసి ఉంటే కొంత బాగుండేదేమో. ఆ ఊరి మీటింగు మరో రోజుకు పెట్టుకున్నాం. జీపు మాట్లాడుకుని చెల్లెను ఆదిలాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. దారిలో చెల్లె తల పెద్దక్క భుజం మీద ఉంది.

ఒంట్లో ఉండాల్సిన రక్తంలో సగం కూడా లేదన్నారు. రెండు రోజులు రక్తం ఎక్కించారు. వయసులో చిన్నదైన లేడీ డాక్టరు వచ్చి కూర్చుంటే సిస్టరమ్మ నాలుగు ప్రశ్నలూ అడిగింది. ఒక్క గడ్డలే తీయలేరా అని ఐదోది కూడా అడిగింది. ఆ పిల్ల విసుక్కోకుండా స్కానింగ్ ఫిల్ము కిటికీ వెలుతురుకు పెట్టి చూపించింది. గడ్డలు ఒకటి రెండు కాదు. మందులకు లొంగే దశ దాటింది. రక్తం ఎక్కించినా మళ్లీ పోతుంది, మళ్లీ ఇలా వస్తే బతికించలేకపోవచ్చు. సంచి తీయాల్సిందే. మేము ఇన్నేళ్లూ ఎవరి మీద కోపంతో పనిచేశామో ఈ డాక్టరు వాళ్ల మనిషి కాదు. నిజమే చెబుతోంది.

చెల్లె కాగితం మీద సంతకం పెట్టనంది.

పెద్దక్క మంచం అంచున కూర్చుంది. "పిచ్చిదానా, మాకు ఒక్క ఫోన్ చేస్తె అయిపోవు గద?"

"చేస్తె నువ్వేమంటవ్ అక్కా? పోయి చేయించుకో అంటవ్. చేయించుకుంటె నీకైతది. మొన్న చెయ్యి ఇరిగింది. ఈపారి ఏమైతదో."

"ఒట్లు గిట్లు ఏం లేవే. అదంతా ఉత్తదే. నేను సబ్బు మీద జారిన."

చెల్లె గొంతులో బలం లేదు, కానీ మాట స్పష్టంగా ఉంది.

"ఉత్తదైతె మాతోని ఎందుకేయించిండ్రు?"

నేను మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది నేను. ఇరవై ఆరేళ్లలో నా తరగతిలో ఒక్క పిల్ల కూడా నన్ను అలా అడగలేదు. ఎనిమిది నెలలు ఒక మనిషి తన రక్తమంతా పోనిచ్చి ఇంకొక మనిషిని కాపాడుతూ వచ్చింది. ఆమెను మూఢురాలని ఎలా అనను? ఆ నమ్మకాన్ని ఎత్తుకుని వాడుకున్నదాన్ని నేను.

పెద్దక్క మంచం మీంచి లేచింది. వార్డులో చుట్టూ పేషెంట్లు, చూడవచ్చినవాళ్లు, బాటిళ్లు మార్చే నర్సులు. ఎమ్మెల్యేల ముందు కూడా తల వంచని మనిషి, ఆ గచ్చు మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని తల మంచం అంచుకు ఆనించింది.

"చెయ్యి పెట్టు."

చెల్లె సూది లేని చెయ్యి ఎత్తి పెట్టింది.

"ఏయించినోళ్లే తియ్యాలె గద. నా మీద ఏసిన ఒట్టు నేనే తీసేస్తున్న. ఇంక నా తల మీద ఏం లేదు. నాకేం గాదు. నువ్వు పోతె మాత్రం నేను బతుకుడు కష్టం చెల్లే. ఇగ తియ్యి చెయ్యి."

చెల్లె వెంటనే తీయలేదు. ఆ నెరిసిన జుట్టును కాసేపు నిమిరింది. తర్వాత తీసింది. అటు తిరిగి సిస్టరమ్మను అడిగింది, "ఒట్టు పోయినట్టేనా సిస్టరమ్మా?"

ఒట్లంటేనే గిట్టని సిస్టరమ్మ తన కళ్లజోడు తీసి తుడుచుకుని, "పోయింది బిడ్డా. మంచిగ పోయింది" అంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ మూడు గంటలూ పెద్దక్క వరండాలో ఒక చోట నిలబడలేదు, కూర్చోలేదు. నేను ఆమె దగ్గరికి వెళ్లి క్షమించమన్నాను. "తల నేనే వంచిన గద టీచరమ్మా. నువ్వొక్కదానివే మోయకు" అంది. అలా అనడం ఆమె మంచితనం. కానీ వద్దన్న సిస్టరమ్మ మాట నేను వినలేదు, విరిగిన చెయ్యి ఎత్తి చూపించింది కూడా నేనే. అందులో ఆమెకు వాటా లేదు.

రెండు నెలల తర్వాత కరీంనగర్ గదిలో అందరినీ పిలిచాం. చెల్లె కూడా వచ్చింది, కొంచెం ఒళ్లు చేసి, పెదవులకు రంగు వచ్చి. పెద్దక్క మళ్లీ చాప మీద తల వంచి కూర్చుంది. ఒట్టు వేసినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చెయ్యి పెట్టారు, తీశారు. కొందరు ఏడ్చారు. ఇద్దరు మాత్రం, ఒట్టు లేకపోతే మళ్లీ ఇంట్లోవాళ్లు ఆపరేషన్‌కు తోలుతారు, మాకు ఉండనివ్వండి అన్నారు. ఇకమీదట డాక్టరు దగ్గరికి ఎవరు వెళ్లినా సంఘం నుంచి ఒకరం పక్కన కూర్చుని నాలుగు ప్రశ్నలూ అడుగుదామని సిస్టరమ్మ అంది. ఒట్టు కంటే అది చాలా కష్టమైన పని. ఇప్పటికీ చేస్తున్నాం. వారంలో నాలుగు రోజులు నేను ఏదో ఒక దవాఖాన బల్ల మీదే ఉంటాను.

అంతా అయ్యాక నేను లేచి, ఒక మాట చెప్పాలన్నాను. ఆలోచన నాదని, సిస్టరమ్మ వద్దన్నదని, మీ భయం చూసి నేను సంతోషపడ్డానని చెప్పాలి. నిలబడ్డాను గానీ మొదలుపెట్టలేకపోయాను. పాఠం చెప్పే గొంతు తప్ప నాకు ఇంకో గొంతు లేదని అప్పుడే తెలిసింది.

"కూసో టీచరమ్మా. కూసోని చెప్పు" అంది పెద్దక్క.

చాప మీద కూర్చున్నాను. ఎవరో వెనకనుంచి ఆకు, తంబాకు వేసిన ఒక చేట తెచ్చి నా ఒళ్లో పెట్టారు. దాన్ని ఏం చేయాలో తెలియక అలాగే పట్టుకుని ఉన్నాను. చెల్లె పక్కకు జరిగి వచ్చి, దాన్ని మెల్లగా తన ఒళ్లోకి లాక్కుంది.

"నువ్వు చెప్పు టీచర్, నీ వంతు నేను చుడుత" అంది.

"నాకు వంతెక్కడిది చెల్లే?" అన్నాను.

ఆమె అప్పటికే ఆకు చేతిలోకి తీసుకుంది. నేను చెప్పడం మొదలుపెట్టాను.